ఫ్రెడరిక్ డగ్లస్ స్వీయచరిత్ర : శ్రమ, కూలి, దేశసంపద

అమెరికా బానిసవిమోచనోద్యమమునకు బలము చేకూర్చిన గ్రంథములలో ఫ్రెడరిక్ డగ్లస్ స్వీయచరిత్ర ముఖ్యమైనది. 1845లో బోస్టన్ నగరమున బానిసత్వ వ్యతిరేకుల కార్యాలయము దీనిని ప్రకటించెను. 11 అధ్యాయముల చిన్న పుస్తకము. విలియం లాయిడ్ గారిసన్ పీఠికయు, వెండెల్ ఫిలిప్స్ లేఖయు దీనికి ముందు చేర్చబడినవి. ఆ ఇరువురును దీనిని క్రౌర్యమునకు సాక్ష్యముగా చూపిరి. తరువాతి పాఠకులును అట్లే చదివిరి. కొరడా, కన్నీరు, దొంగచాటు అక్షరాభ్యాసము, పలాయనము - ఇవియే మనసున నిలుచును. నిలువదగినవే. కాని చివరి రెండు అధ్యాయములలో డగ్లస్ వ్రాసిన డబ్బు లెక్కలను త్వరత్వరగా దాటిపోవుట చాలమందికి అలవాటైనది. ఆ లెక్కలే ఈ గ్రంథమునకు వెన్నెముక. ఒక కొత్త దేశము ఎవరి కష్టముమీద సంపన్నమైనదను ప్రశ్నకు ఆ కొలది పుటలిచ్చు సమాధానము, పిమ్మట వచ్చిన లావు సంపుటములు పెక్కింటిలో దొరకదు.

డగ్లస్ మేరీలాండ్ రాష్ట్రములోని టాల్బట్ కౌంటీలో 1818 ప్రాంతమున జన్మించెను. తన పుట్టినరోజు తనకు తెలియదని గ్రంథారంభముననే చెప్పుకొనెను. అప్పటికి అమెరికా రాజ్యాంగము అమలునకు వచ్చి ముప్పది యేండ్లైనను నిండలేదు. స్వాతంత్ర్యము తెచ్చిన తరమువారు పలువురు బానిసత్వము తనంతట తానే అంతరించునని తలచియుండిరి. 1793లో ఎలై విట్నీ ప్రత్తి గింజలు వేరుచేయు యంత్రమును నిర్మించుటతో ఆ తలపు తారుమారైనది. లాంకషైరు మిల్లులకు ఎంత ప్రత్తి పంపినను చాలకుండెను. 1790 జనాభా లెక్కలలో సుమారు 7 లక్షలుగా నున్న బానిసలు 1860 నాటికి 39 లక్షలు దాటిరి. 1860 నాటికి దేశపు ఎగుమతుల విలువలో సగమునకు పైగా ప్రత్తిదే. ఆఫ్రికా నుండి మనుష్యుల దిగుమతి 1808లో నిషేధింపబడెను గాన, మేరీలాండ్, వర్జీనియా వంటి పాత రాష్ట్రములే ప్రత్తి భూములకు మనుష్యులను అమ్ము స్థలములైనవి. 1790కిని 1860కిని నడుమ దాదాపు 10 లక్షలమంది ఇట్లు దక్షిణ పశ్చిమ దిక్కులకు తరలింపబడిరి. దారిలో ఎదురైన యజమానిని గుర్తింపలేక 'మా దొర సరిగా చూడడు' అని నిజము పలికిన ఒక బానిసను రెండు మూడు వారములలోనే జార్జియా వర్తకునికి అమ్మివేసిన ఉదంతము డగ్లస్ గ్రంథమున కలదు. అట్టి కథలో కనబడునది ఒక దొర దుర్మార్గము మాత్రమే యనుకొనరాదు. వాని వెనుక కొనుగోలుదారుడు సిద్ధముగా నుండెను. వానికి అప్పిచ్చు బ్యాంకు, ప్రత్తి కొను నూలుమిల్లు ఉండెను.

ఈ పద్ధతి దేశాభివృద్ధికి తోడ్పడెనా, అడ్డుపడెనా అను వివాదము నూరేండ్లకు పైబడినది. 1850 దశాబ్దిలో దక్షిణ రాష్ట్రములు తిరిగిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ బానిసశ్రమ వట్టి దుబారా యనియు, దానివలననే దక్షిణము వెనుకబడెననియు వ్రాసెను. 1944లో ట్రినిడాడ్ చరిత్రకారుడు ఎరిక్ విలియమ్స్ బ్రిటిషు పరిశ్రమల పెట్టుబడికి చక్కెర దీవుల బానిసత్వము ఒక మూలమని వాదించెను. 1974లో రాబర్ట్ ఫోగెల్, స్టాన్లీ ఎంగర్‌మన్‌లు గణితబలముతో ముందుకు వచ్చి, దక్షిణాది బానిస వ్యవసాయము ఉత్తరాది కుటుంబ వ్యవసాయముకంటె 35 శాతము సమర్థమైనదనిరి. బానిస తాను పుట్టించిన ఆదాయములో దాదాపు 90 శాతము జీవితకాలమున తిండి, బట్ట, వసతుల రూపముగా తిరిగి పొందెనని లెక్క కట్టిరి. లూసియానాలోని ఒక తోట యజమాని డైరీ ననుసరించి తలకు ఏడాదికి 0.7 కొరడా శిక్ష సగటని తేల్చిరి. మరుసటి యేడు హెర్బర్ట్ గట్‌మన్ ఆ డైరీనే తిరిగి పరిశీలించి, ఆ తోటలో సగటున నాలుగున్నర దినములకొకసారి ఎవరో ఒకరు దెబ్బలు తినుచుండిరని చూపెను. రెండును ఒకే డైరీ నుండి తీసిన అంకెలే. ఒకరు శిక్షను తలకింతయని పంచిరి; ఇంకొకరు తోటలో నిలుచున్నవానికి అది ఎన్ని దినములకొకసారి కనబడునో చెప్పిరి. కొరడా లక్ష్యము వీపు ఒక్కటే కాదు, చూచుచున్న కన్నులు కూడ గాన, రెండవ లెక్కయే సత్యమునకు దగ్గర.

ఇటీవల 2014లో ఎడ్వర్డ్ బాప్టిస్ట్ ప్రత్తి ఏరుటలో వేగము పెరుగుటకు హింసయే కారణమని వ్రాయగా, అలన్ ఓమ్‌స్టెడ్, పాల్ రోడ్‌లు మేలైన విత్తనములే ముఖ్యకారణమని ఖండించిరి. ఈ వాదములలో విద్వత్తు కొఱవడలేదు. ఐనను అందరును అడిగిన ప్రశ్న 'ఎంత పండినది?' అనునదే. పండినది ఎవరిదను ప్రశ్నకు వారి పట్టికలలో గడి లేదు. ఆ గడిని డగ్లస్ తన పుస్తకమున గీసినాడు.

మొదటి లెక్క రెండవ అధ్యాయములో నున్నది. కర్నల్ లాయిడ్ తోటలో పెద్దలకు నెలకు 8 పౌన్ల పందిమాంసము, లేదా దానికి సరిపడు చేప, ఒక బుషెల్ మొక్కజొన్న పిండి. ఏడాదికి రెండు ముతక చొక్కాలు, రెండు లాగులు, ఒక కోటు, ఒక జత మేజోళ్ళు, ఒక జత చెప్పులు. అన్నియు కలిపి 7 డాలర్లకు మించవు. పొలము పనికి రాని పిల్లలకు ఏడాదికి రెండు చొక్కాలే. అవి చినిగినచో మరుసటి పంపకము వరకు దిగంబరులే. డగ్లస్ దీనిపై వ్యాఖ్య చేయడు. సరకుల పట్టీ వ్రాయు గుమాస్తావలె పొడిగా వ్రాసిపోవును. తరువాత పదవ అధ్యాయాంతమున, తాను పని నేర్చిన పిదప రోజుకు ఒకటిన్నర డాలరు సంపాదించుచుండినట్లు చెప్పును. ఈ రెండు చోట్లను ప్రక్కప్రక్క నుంచి చూచినవారికి తెలియును: ఒక మనిషి ఏడాది బట్టల ఖర్చు నేర్పరియైన బానిస ఐదు రోజుల కూలిలో తీరిపోవును.

రెండవ లెక్క ఎనిమిదవ అధ్యాయములోని ఆస్తి పంపకము. పాత యజమాని చనిపోగా డగ్లస్‌ను బాల్టిమోరు నుండి వెనుకకు రప్పించి, గుఱ్ఱములతోను పందులతోను ఒకే వరుసలో నిలిపి వెల కట్టిరి. అప్పటికి వానికి పదేండ్లకు అటునిటు. ఇచ్చటనే అవ్వ కథ వచ్చును. తోటను బిడ్డలతోను మనుమలతోను నింపిన ముసలిది వెల లేనిదై అడవిలోని గుడిసెకు తోయబడెనని వ్రాసిన భాగము గ్రంథమంతటిలో ఆర్ద్రమైనది. కాని విమర్శకుడు ఒక సంగతి మరువరాదు. తర్వాత 1849లో డగ్లస్ తన పూర్వయజమానికి బహిరంగలేఖ వ్రాయుచు, అతడు ఆ వృద్ధురాలిని తన యింటికి చేర్చుకొనెనని అంగీకరించి తన మాటను సవరించుకొనెను. ఆర్ద్రమైన ఘట్టము కొంత సడలినను, లెక్క విషయమున అతనికి గల పట్టుదల ఇందువలన రుజువగుచున్నది.

కోవీ అనువాని పొలమును గూర్చిన కథనమున ఎల్లరు చూచునది 1834 ఆగస్టులో జరిగిన పెనుగులాట. ఆర్థికదృష్టితో చూచినచో అంతకుముందరి పుటలు మిన్న. కోవీ పెద్ద కామందు కాడు. కవులు భూమి చేసికొను బీదవాడు. తలబిరుసు బానిసలను లొంగదీయుటలో వానికి పేరుండెను గాన, చుట్టుప్రక్కల యజమానులు తమవారిని ఏడాదిపాటు దాదాపు ఉత్తపుణ్యమునకే వాని కప్పగించుచుండిరి. క్రౌర్యమే వాని పెట్టుబడి. వాడు కొనగలిగినది ఒక్క బానిసను - కారొలైన్ అను స్త్రీని. ఆమెకు కలుగు పిల్లలే తన ఆస్తికి మొదలుగా భావించి కొనెను. పెండ్లియైన వేరొక బానిసను కూలికి తెచ్చి ఆమెతో నుంచెను. కవలలు పుట్టగా కోవీ దంపతులు సంబరపడిరి. 'చిన్నరైతు వృద్ధిలోకి వచ్చుట' అని ఆర్థికచరిత్రలు మెచ్చుకొను క్రమము లోపల ఎట్లుండునో ఈ నాలుగైదు వాక్యములంత స్పష్టముగా చూపిన రచన మరియొకటి అరుదు.

1836లో పారిపోవు యత్నము విఫలము కాగా డగ్లస్ చెరసాల చూచి, తిరిగి బాల్టిమోరులోని హ్యూ ఆల్డ్ ఇంటికి చేరెను. గార్డ్‌నర్ అనువాని ఓడల నిర్మాణస్థలమున పని నేర్వ పంపబడెను. అచ్చటి తెల్ల వడ్రంగులు నల్లవారితో కలిసి పని చేయమని భీష్మించుకొనిరి. కుఱ్ఱ కూలీలు నలుగురు డగ్లస్‌ను కన్ను పోవునంతగా కొట్టిరి. ఆల్డ్ న్యాయాధికారి కడకు పోగా, తెల్లవాడు సాక్ష్యము చెప్పనిదే ఏమియు చేయలేమని చెప్పిరి. 1855లో వ్రాసిన రెండవ స్వీయచరిత్రలో డగ్లస్ ఈ ఘట్టమునకు లోతైన వివరణ నిచ్చెను. బానిస కష్టమును యజమాని నేరుగా అపహరించుచున్నాడు. తెల్లకూలివాడు కూలి లేని శ్రమతో పోటీ పడవలసి వచ్చి తన కూలిని పోగొట్టుకొనుచున్నాడు. ఐనను యజమానులు వర్ణగర్వము నూరిపోసి వానిని బానిసకే శత్రువుగా నిలిపిరి. ఈ వివరణ 1845 నాటి గ్రంథమున లేకుండుట లోపమే.

పిమ్మట డగ్లస్ నేర్చినది ఓడ పలకల సందులలో నార దూర్చి, తారు పోసి, నీరు చొరకుండ మూయు పని. కోరంగి, తాళ్ళరేవు తీరములలో ఓడలు కట్టినవారి వంశీయులకు దీనిని వేరుగా వివరింపనక్కరలేదు. ఏడాదిలో అతడు అనుభవజ్ఞులతో సమానమైన కూలి సంపాదించెను: వారమునకు 6, 7 డాలర్లు, ఒక్కొకప్పుడు 9. పని తానే వెదకుకొనెను, బేరము తానే ఆడెను, డబ్బు తానే పుచ్చుకొనెను. శనివారము రాత్రి ఆ మొత్తము ఆల్డ్ చేతిలో పెట్టవలెను. ఆల్డ్ నాణెములు లెక్కించి, 'ఇంతేనా?' అని ముఖములోకి చూచును. 6 డాలర్లు తెచ్చిననాడు ఒక్కొకమారు 6 సెంట్లు తిరిగి ఇచ్చును. నూటికి ఒకటి. ప్రోత్సాహమునకై ఇచ్చిన ఆ సెంట్లు డగ్లస్‌కు విపరీతార్థమును బోధించెను: వీడు కొంత తిరిగి ఇచ్చుచున్నాడనగా, మొత్తము నాదే యని వీనికిని తెలిసియున్నది. ఆ చిల్లర పుచ్చుకొన్నప్పుడెల్ల అతని మనసు మరింత క్షోభించెను.

ఆ దినములలో తిండియు బట్టయు ఆల్డ్ యింటివే గాన, ఈ నూటికి ఒకటిని ఫోగెల్ వర్గము చెప్పిన నూటికి తొంబదితో నేరుగా తూచుట న్యాయము కాదు. ఆ లోపమును డగ్లస్ తరువాతి లెక్కయే పూరించుచున్నది. 1838 మే నెలలో అతడు తన కాలమును తానే అద్దెకు తీసికొనెను. షరతులివి: వారమునకు 3 డాలర్లు ఆల్డ్‌కు చెల్లింపవలెను, భోజనము, బట్ట, పనిముట్లు తనవే. భోజనమునకే రెండున్నర డాలర్లు. అరుగుదల తరుగుదల కలుపుకొని వారమునకు సుమారు 6 డాలర్లు లేనిదే గడువదు. వాన కురిసినను, పని లేకున్నను బాకీ బాకీయే. యజమానికి బానిసత్వపు లాభములన్నియు దక్కి దాని బాధ్యతలు తప్పిపోయినవి. డగ్లస్‌కు స్వతంత్రుని చింతలన్నియు వచ్చి స్వాతంత్ర్యము మాత్రము రాలేదు. బానిసకు తిండి పెట్టు భారము యజమానిదే గదా యను వాదము ఇచ్చట కూలిపోవుచున్నది. ఆ భారమును తానే మోసికొనుచు 3 డాలర్లు చెల్లించినవానికి ఆ 3 డాలర్లు దేనికి వెల? వాడు వాడై యుండుటకే. ఈ ఏర్పాటు ఆగస్టు వరకు సాగెను. ఒకమారు డబ్బు చెల్లించుట ఆలస్యము కాగా ఆల్డ్ దానిని రద్దు చేసెను. 1838 సెప్టెంబరు 3వ తేదీన డగ్లస్ వెడలిపోయెను.

న్యూ బెడ్‌ఫర్డ్ చేరిన పిదప వ్రాసిన పుటలు సామాన్యముగా సుఖాంతముగా చదువబడుచున్నవి. బానిసలు లేని ఉత్తరదేశము దరిద్రముగా నుండునని అతడు అంతవరకు నమ్మియుండెను. దక్షిణమున బానిసలు లేని తెల్లవారు బీదలు గదా! అచ్చట చూచినది వేరు. రేవు నిండ ఓడలు. కేకలు, తిట్లు, కొరడాలు లేకయే సాగు పని. ఆశ్రయమిచ్చిన నాథన్ జాన్సన్ చేతులు పనితో కాయలు కాచినవి. ఐనను టాల్బట్ కౌంటీ యజమానులలో పదింట తొమ్మండుగురికంటె అతని యిల్లు శుభ్రము, భోజనము మేలు, చదువు పత్రికలు ఎక్కువ. మూడవనాడు డగ్లస్ ఒక పడవలో నూనె పీపాలు ఎక్కించి, తొలిసారి తన కూలిని తానే ఉంచుకొనెను.

కాని ఆ వెంటనే వచ్చు సంగతిని చదువరులు దాటవేయుదురు. చేత నేర్పుండియు అతనికి ఆ పట్టణమున ఓడ సందులు పూడ్చు పని దొరకలేదు. తెల్లపనివారు నల్లవానితో పని చేయమనిరి. సుమారు మూడేండ్లు కట్టెలు కోయుచు, బొగ్గు మోయుచు, చిమ్నీలు తుడుచుచు గడపెను. కూలి తనదైనది, నేర్పు మాత్రము వ్యర్థమైనది. డగ్లస్ ఈ సంగతిని కొలది మాటలలో ముగించెను. ఉద్యమమునకై వ్రాసిన గ్రంథము గాన, ఉత్తరాది పాఠకుని నొప్పింపక సాగినాడని తలపవలసియున్నది.

అంతకంటె పెద్ద లోపము ఇంకొకటి కలదు. న్యూ బెడ్‌ఫర్డ్ సంపద బానిసత్వముతో సంబంధము లేనిదైనట్లు అతడు చిత్రించెను. తిమింగిలపు నూనె రేవునకు అది కొంత చెల్లును. కాని అదే మసాచుసెట్స్ రాష్ట్రమున లోవెల్ మిల్లులు 1820 దశాబ్ది నుండి బానిసలు ఏరిన ప్రత్తినే వడకుచుండెను. పొరుగున రోడ్ ఐలండ్ మిల్లులు బానిసల ఒడళ్ళకై ప్రత్యేకముగా ముతక గుడ్డ నేసి దక్షిణమునకు అమ్ముచుండెను. గ్రంథము వెలువడిన మరుసటి యేడు, 1846లో, న్యూ బెడ్‌ఫర్డ్‌లోనే వామ్‌సుట్టా ప్రత్తిమిల్లు సంఘము ఏర్పడెను. మేరీలాండ్‌లో పెరిగిన డగ్లస్ గోధుమ పొలమును, ఓడల రేవును చూచెను గాని ప్రత్తిచేనును చూడలేదు. కావున దేశపు మహావాణిజ్యము ఈ పుస్తకమున కనబడదు. ఆ వాణిజ్యము ఎంత దూరము ప్రాకెనో తెలుగువారికి తెలిసినదే: 1861లో అంతర్యుద్ధము వచ్చి అమెరికా ప్రత్తి ఆగిపోగా లాంకషైరు వర్తకులు భారతదేశపు ప్రత్తికై ఎగబడిరి, బళ్ళారి నుండి కాకినాడ రేవు వరకు ధరలు లేచెను, 1865లో యుద్ధము ముగియగనే పడిపోయెను.

లెక్కలో మరియొక పద్దు కూడ వదలిపోయినది. డగ్లస్ భార్య ఆన్నా మరీ పుట్టుకతో స్వతంత్రురాలు. బాల్టిమోరులో ఇండ్లలో పనిచేసి జీవించెను. ఆమె కూడబెట్టిన సొమ్ము అతని పలాయనమునకు తోడ్పడెనని వారి కుమార్తె రొసెట్టా 1900లో తల్లిని గూర్చి చేసిన ప్రసంగము వలన తెలియుచున్నది. 1845 గ్రంథమున ఆమె, పెండ్లాడబోవు స్త్రీగా మాత్రమే వచ్చి పోవును. తోడ్పడినవారి పేర్లు బయటపెట్టరాదను జాగ్రత్త ఆనాటికి అవసరమే. కాని ప్రమాదము తొలగిన పిమ్మట 1881లో వ్రాసిన మూడవ స్వీయచరిత్రలో పలాయనవిధమును విప్పి చెప్పియు, ఈ పద్దును అతడు జమకట్టలేదు. తన 6 సెంట్లను అంత నిశితముగా తూచినవాడు ఆమె కూలిని తూకమున వేయకపోవుట విచారకరము.

ఈ గ్రంథమును తెలుగు చేయబూనువారికి తొలి చిక్కు మాటలతోనే. 'దాసుడు' అనినచో రామదాసు జ్ఞప్తికి వచ్చును. భక్తి ఆ మాటను పవిత్రము చేసినది. 'బానిస' యే తగును. 'కూలి' సులభము. 'జీతము' అట్లు కాదు. కర్ణాటకమున నివసించు తెలుగువారికి ఈ సంగతి బాగుగ తెలియును: ఇంట నెలజీతమనగా గౌరవమైన మాట, వీధిలో కన్నడ 'జీత' యనగా అప్పు క్రింద కట్టుపడిన చాకిరి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము నిషేధించిన పద్ధతుల పట్టికలో 'జీత', 'పాలేరు', 'వెట్టి', 'భగేలా' అను పేర్లు ఒకే వరుసలో నున్నవి. కావున శనివారపు రాత్రి డగ్లస్ ఆల్డ్ చేతిలో పెట్టిన దానిని 'జీతము' అని తెనిగించినచో చదువరి తికమకపడును. 'కూలి' యనియే అనవలెను. ఆల్డ్ తిరిగి ఇచ్చిన 6 సెంట్లకు మాత్రము 'బక్షీసు' సరిపోవును. పుచ్చుకొనువానికి హక్కు లేదనియు, ఇచ్చువాని దయయే ననియు ఆ మాటలోనే యున్నది.